కొవ్వు తోక కట్టుకున్న ప్రొటీన్లు

ప్రశ్న: సార్, నీళ్ళలో తిరిగే ప్రొటీన్ కణపొరకి ఎట్లా అంటుకుంటుంది? లిపిడ్ యాంకర్ అంటే ఏంటి? సెమిస్టర్ పరీక్ష దగ్గరికొచ్చింది, టెన్షన్‌గా ఉంది.
— బీఎస్సీ విద్యార్థిని, మిర్యాలగూడ

జవాబు: టెన్షన్ వద్దమ్మా. పొర లోపలంతా కొవ్వే, నీళ్ళంటే దానికి పడదు. అందుకే కణం ప్రొటీన్‌కి ఒక కొవ్వు తోక తగిలిస్తుంది, అదే లిపిడ్ యాంకర్. తోక పొరలోకి దిగుతుంది, ప్రొటీన్ మాత్రం గుంజకు కట్టిన దూడలా పొర బయట నీళ్ళలోనే ఉంటుంది. 14 కార్బన్ల మిరిస్టేట్ అనే తోక ప్రొటీన్ మొదట్లోని గ్లైసీన్‌కి పడుతుంది, కానీ దాని పట్టు అంతంతమాత్రమే, పక్కన ధనావేశపు అమైనో ఆమ్లాలో, ఇంకో కొవ్వో తోడుండాలి. 16 కార్బన్ల పామిటేట్ సిస్టీన్‌కి అంటుకుంటుంది. ఇది ఊడుతుంది, మళ్ళీ అతుకుతుంది, అసలు మజా ఇక్కడే! కణానికి పెరగమని సంకేతాలందించే హెచ్-రాస్ అనే ప్రొటీన్‌నే చూడు: చివర్లో ఉన్న సిస్టీన్‌కి 15 కార్బన్ల ఫార్నెసిల్ తోక పడిందంటే ఇక పోదు, పైన వేసుకున్న పామిటేట్ ఊడినప్పుడల్లా మాత్రం హెచ్-రాస్ పొర వదిలేసి గాల్జీ (కణంలో ప్రొటీన్లని సర్ది పంపే భాగం) దగ్గరికి పోయి కొత్తది తగిలించుకుని తిరిగొస్తుంది.

జీపీఐ (గ్లైకోసిల్‌ఫాస్ఫాటిడిల్‌ఇనోసిటాల్) యాంకర్ కథ వేరు, పైవన్నీ పొరకి కణం లోపలి వైపైతే ఇది కణం బయటి వైపు. ఎర్రరక్తకణాల్ని కాంప్లిమెంట్ దాడి నుంచి కాచే సీడీ59 అనే ప్రొటీన్ వాటి మీద దాంతోనే నిలబడుతుంది. పీఎన్‌హెచ్ (పరాక్సిస్మల్ నాక్టర్నల్ హీమోగ్లోబిన్యూరియా) అనే రక్త జబ్బులో ఆ యాంకర్ సరిగా తయారు కాదు, అప్పుడు ఆ కాపలా లేక, క్రిముల్ని చంపాల్సిన మన ఒంట్లోని కాంప్లిమెంట్ ప్రొటీన్లే ఆ కణాల్ని పగలగొడతాయి.