మృదంగం, బొమ్మలు, కోడింగ్: మూడూ వదలనంటోంది మా అమ్మాయి

ప్రశ్న: మాది విజయనగరం. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం చదువుతోంది. ఏడేళ్లుగా మృదంగం నేర్చుకుంటోంది, బొమ్మలు బాగా వేస్తుంది, వీడియోలు చూసి పైథాన్ కోడింగ్ కూడా నేర్చుకుంది. ఈ మూడూ కలిసిన పనే చేస్తానంటుంది. వాళ్ల నాన్నగారేమో కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ తప్ప ఇంకో మాట వద్దంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. అసలు అలాంటి ఉద్యోగాలు ఉంటాయా?

జవాబు: ఉంటాయమ్మా. కాకపోతే డాక్టరు, ఇంజినీరు అన్నట్టు ఒకే పేరుతో కనిపించవు. సినిమాలకు సౌండ్ డిజైన్ చేసేవాళ్లు, గేముల్లో శబ్దాలు తయారుచేసేవాళ్లు, మ్యూజియంలో మనం చెయ్యి కదిపితే కదిలే బొమ్మలను రూపొందించేవాళ్లు, పెద్ద కచేరీల్లో పాటకు తగ్గట్టు తెరమీద దృశ్యాలు నడిపేవాళ్లు, అందరూ ఈ కోవలోకే వస్తారు. గేమ్, వీఎఫ్ఎక్స్ స్టూడియోలు మన హైదరాబాద్‌లోనే ఉన్నాయి.

అయితే ఈ పనులు మూడు విద్యలూ వచ్చిన ఒక్క మనిషి చేసేవి కావు. ముగ్గురు నలుగురు కూర్చుని చేసేవి. 1966 అక్టోబరులో న్యూయార్క్‌లో పదిమంది కళాకారులు, టెలిఫోన్ పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్‌కు చెందిన సుమారు ముప్ఫైమంది ఇంజినీర్లు కలిసి కొన్ని ప్రదర్శనలు ఇచ్చారు. ఒకదాంట్లో టెన్నిస్ రాకెట్ల పిడుల్లో చిన్న ట్రాన్స్‌మిటర్లు అమర్చారు. బంతి తగిలినప్పుడల్లా హాలంతా గంట కొట్టినట్టు మోగేది, ఒక దీపం ఆరిపోయేది. చివరికి హాలు చీకటైపోయింది. ఆ ఊహ రాబర్ట్ రౌషెన్‌బర్గ్ అనే చిత్రకారుడిది. ట్రాన్స్‌మిటర్ చేసింది ఇంజినీరు. చిత్రకారుడు సర్క్యూట్లు చదవలేదు, ఇంజినీరు కుంచె పట్టలేదు. ఒకరి మాట ఒకరికి అర్థమైంది, అంతే.

ఇది అమెరికావాళ్లకే చెల్లుతుందని వాళ్ల నాన్నగారు అనవచ్చు. కానీ 1969లోనే అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ ఎన్ఐడీలో, కరెంటుతో శబ్దాలు పుట్టించే మూగ్ సింథసైజర్‌తో ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో పెట్టారు. డిజైన్ నేర్పే సంస్థలో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ దాన్ని ఏర్పాటు చేస్తే, మనవాళ్లు అందులో కొత్త శబ్దాలు సృష్టించారు. వాళ్లలో గీతా సారాభాయి ఒకరు. ఆవిడ మృదంగం లాంటి ఉత్తరాది వాద్యం పఖవాజ్ వాయించేవారు. మీ అమ్మాయికి ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

అందుకే నా సలహా ఒకటే. ఒక విద్యలో లోతుగా దిగాలి, మిగతా రెండింట్లో ఎదుటివాళ్లతో మాట్లాడగలిగేంత తెలిసుండాలి. నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయికి అన్నీ తలాకాస్తా వచ్చు. ల్యాప్‌టాప్ నిండా మొదలుపెట్టి వదిలేసిన పనులే. చూపించడానికి పూర్తయినది ఒక్కటీ లేదు. చాలా తెలివైనవాడు, వాడిని చూస్తే బాధేసింది. ఏడేళ్ల మృదంగం అంటే మీ అమ్మాయికి లోతు అప్పుడే ఒకచోట ఏర్పడింది. పరీక్షల పేరు చెప్పి దయచేసి ఆ క్లాసు మాన్పించకండి.

ఈ వేసవిలో తను ఒక చిన్న పని చేసి చూడాలి. ఎలక్ట్రానిక్స్ ఇష్టమున్న ఒకరిని, బొమ్మలు తనకంటే బాగా వేసే ఇంకొకరిని కలుపుకోవాలి. మృదంగానికి దెబ్బను విద్యుత్ సంకేతంగా మార్చే చిన్న పీజో సెన్సర్ అంటించి, ఆర్డ్యూయినో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు ద్వారా కంప్యూటర్‌కి కలిపితే, ప్రతి దెబ్బకీ తెరమీద ఒక ఆకారం పుట్టించవచ్చు. ఇందుకు పనికొచ్చే ప్రాసెసింగ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే. ఆ తర్వాత అసలు చిక్కు మొదలవుతుంది: తొం అనే దెబ్బ ఏదో, నం అనే దెబ్బ ఏదో కంప్యూటర్ ఎలా పోల్చుకోవాలి? అక్కడ ఫిజిక్స్ కావాలి. మృదంగం కుడివైపు నల్లటి పూత వల్ల ఆ నాదానికి శ్రుతి ఎలా వస్తుందో సి.వి. రామన్ 1920లోనే రాశారు. ఆయన చిన్నప్పుడు చదువుకున్నది మీ పక్కనున్న విశాఖలోనే. మూడు నిమిషాల ప్రదర్శన చాలు, కానీ పూర్తి కావాలి. ఎవరు ఏం చేశారో, ఎక్కడ గొడవపడ్డారో, ఎలా సర్దుకున్నారో ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టమనండి. కాలేజీ ఇంటర్వ్యూలో ఆ నోట్‌బుక్‌కి విలువ ఉంటుంది.

ఇక చదువు. ఎంపీసీ మార్చనక్కర్లేదు. డిజైన్‌లో నాలుగేళ్ల బీడిజైన్ కోర్సుకి యూసీడ్ పరీక్ష ఉంది, ఏటా జనవరిలో జరుగుతుంది. ఇంటర్‌లో ఏ గ్రూపువాళ్లయినా రాయవచ్చు, అందులో బొమ్మలు వేసే భాగం కూడా ఉంటుంది. ఐఐటీ బాంబే నిర్వహించే ఈ పరీక్షతో ఐఐటీ హైదరాబాద్‌లోనూ సీటు వస్తుంది. ఎన్ఐడీ ఆంధ్రప్రదేశ్‌లో కమ్యూనికేషన్ డిజైన్ ఉంది, దానికి ప్రవేశ పరీక్ష వేరు. సౌండ్ మీదే మనసైతే సినిమా విద్య నేర్పే సంస్థలు పుణెలో ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలో ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐ ఉన్నాయి. అవి డిగ్రీ అయ్యాక చేసే కోర్సులు.

కాబట్టి వాళ్ల నాన్నగారి మాట కూడా తప్పేమీ కాదు. బీటెక్ చేసి ఆ తర్వాత సౌండ్‌కో డిజైన్‌కో వెళ్లే దారి ఉంది. ఆయన భయం డబ్బు గురించి, అది నిజమైన భయం. ఈ రంగంలో మొదటి రెండు మూడేళ్లు ఆదాయం నిలకడగా ఉండకపోవచ్చు, ఒక ప్రాజెక్టుకీ ఇంకోదానికీ మధ్య ఖాళీ నెలలు వస్తాయి. కోడింగ్ గట్టిగా వస్తే ఆ నెలల్లో అదే అన్నం పెడుతుంది. ఈ మాట అమ్మాయికి కోపంగా కాకుండా, లెక్క వేసి చెప్పండి.

వేసవిలో ఆ మూడు నిమిషాల ప్రదర్శనకు మొదటి ప్రేక్షకుడిగా ఆయన్నే కూర్చోబెట్టండి. యూసీడ్ దరఖాస్తులు మామూలుగా అక్టోబరులో మొదలవుతాయి. అప్పటికి ముగ్గురూ కూర్చుని నిర్ణయం తీసుకోవడానికి కావలసినంత టైముంది.