గాలి లేచిన రోజు కారు తియ్యకు

బాబూ,

అమెరికాలోని నెబ్రాస్కాలో ఉద్యోగం వచ్చిందని, ఇంటి నుంచి ఆఫీసుకి నలభై మైళ్లూ పొలాల మధ్య దారేనని నువ్వు చెప్పినప్పటి నుంచి నాకు మనసు కుదురుగా లేదు. ఆ మైదానాల్లో ముప్ఫై చలికాలాలు గడిపినవాణ్ని కాబట్టి రాస్తున్నాను.

అక్కడ మంచు కంటే గాలికి భయపడాలి. గంటకు 35 మైళ్ల గాలి, పావు మైలు అవతల ఏమీ కనపడకపోవడం, ఈ రెండూ కలిసి 3 గంటలుంటే దాన్ని బ్లిజార్డ్ అంటారు. కొత్తగా మంచు పడాలనే లేదు. పైన ఎండ కాస్తుండగానే, నిన్న పడిన పొడి మంచుని గాలి నేల మీంచి లేపి రోడ్డుని మింగేస్తుంది. ఆపడానికి చెట్టూ ఉండదు, గుట్టా ఉండదు.

పొద్దున వెచ్చగా ఉందని మోసపోకు. 1888 జనవరి 12న అలాగే మోసపోయారు. చలి తగ్గిందని జనం పల్చటి కోట్లతో పనులకెళ్లారు, పిల్లలు బడికెళ్లారు. అంతలో చలిగాలి విరుచుకుపడింది. డకోటా, నెబ్రాస్కా ప్రాంతాల్లో 235 మంది దాకా పోయారని అంచనా. బ్లిజార్డ్ వార్నింగ్ ఉన్న రోజు సెలవు పెట్టెయ్యి, మేనేజర్ ఏమంటాడోనని టెన్షన్ పడకు. మామూలు రోజుల్లో కూడా 511కి ఫోన్ చేసి రోడ్డు సంగతి కనుక్కున్నాకే బయల్దేరు.

ఒకవేళ దారిలో ఇరుక్కుపోతే కారు వదిలి నడవకు. నేనా తప్పు చేశాను. దూరంగా ఏదో దీపం కనపడితే ఇల్లేమో అనుకుని దిగాను. నాలుగడుగులు వేసి వెనక్కి చూస్తే కారు లేదు! పిండిలాంటి మంచు కళ్లలో, ముక్కులో కూరుకుపోతోంది. చేతులు చాపి తడుముకుంటుంటే డోర్ హ్యాండిల్ వేళ్లకి తగిలింది. ఆ రెండు నిమిషాలు ఇప్పటికీ కలలోకి వస్తాయి.

ఇంజన్ గంటకి 10 నిమిషాలే నడుపు. స్టార్ట్ చేసే ముందు ప్రతిసారీ సైలెన్సర్ గొట్టం దగ్గర మంచు తీసెయ్యి. అందుకోసం దిగినా ఒక చెయ్యి కారు మీదే ఉండాలి. గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. వాసన ఉండదు, నిద్ర వచ్చినట్టే ఉంటుంది, ప్రాణం పోతుంది. గాలి కొట్టని వైపు అద్దం కాస్త దించి ఉంచు. వెతికేవాళ్లకి కనపడేలా యాంటెన్నాకి ఎర్రగుడ్డ కట్టు. కాళ్లూ చేతులూ ఆడిస్తూ ఉండు.

పెట్రోలు ఎప్పుడూ సగం ట్యాంకుకి తగ్గనివ్వకు. పార, రెండు దుప్పట్లు, టార్చి, తినడానికేదైనా వెనక సీట్లోనే పెట్టుకో. డిక్కీ మంచుకి బిగుసుకుపోతే తెరుచుకోదు.

ఈ ఆదివారానికల్లా అవన్నీ కొని సీట్లో సర్ది, నాకు ఫోటో పంపించు. చూసేదాకా నాకు నిద్ర పట్టదు.

నీ పెదనాన్న