నాన్నగారి రివాల్వరు బీరువాలో ఉంది... మరి లైసెన్సు?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లా. నాన్నగారు పోయి 14 నెలలైంది. ఆయన లైసెన్సు మీద కొన్న .32 రివాల్వరు బీరువాలోనే ఉంది. రెండు నెలల క్రితం మా పాలివాళ్ళు గట్టు జరిపి అర ఎకరం కలిపేసుకున్నారు. అడిగితే చంపుతామని ఫోన్లు చేస్తున్నారు. అమ్మకు టెన్షన్‌తో నిద్ర లేదు. వెంట పెట్టుకోవడానికి రివాల్వరు కన్నా సెమీ ఆటోమేటిక్ పిస్టలు మేలని, బిహార్ నుంచి 9 ఎం.ఎం. తెప్పిస్తానని స్నేహితుడు అంటున్నాడు. ఏది మంచిది?

జవాబు: అంతకన్నా ముందు తేలాల్సింది ఒకటుంది. ఆ బీరువాలోని రివాల్వరు ఇవాళ ఎవరి లైసెన్సు కింద ఉంది? ఎవరి కిందా లేదు. నాన్నగారి లైసెన్సు ఆయనతోనే పోయింది. వారసుడిగా ఆ వస్తువు మీద మీకు హక్కు ఉండొచ్చు గానీ, లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకునే హక్కు లేదు.

ఇలాంటి ఆయుధాన్ని అనవసర జాప్యం లేకుండా పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేయాలని 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 21 చెబుతోంది. 14 నెలలు ఏం చేశారు? పొలం పాస్‌బుక్ మార్పించుకోవడానికి తిరిగి ఉంటారు కదా, ఇదెందుకు గుర్తుకు రాలేదు? 2019 సవరణ తర్వాత ఈ నేరానికి కనీసం రెండేళ్ళు, గరిష్ఠంగా ఐదేళ్ళ జైలు. మూడేళ్ళకు మించి శిక్ష పడగల నేరానికి కాలపరిమితి ఉండదు కాబట్టి, ఎన్నేళ్ళు గడిచినా కేసు పెట్టవచ్చు. పాలివాళ్ళు ఒక్క ఫోన్ చేస్తే పోలీసులు మీ ఇల్లు సోదా చేస్తారు.

స్నేహితుడి మాట అసలే వినకండి. 9 ఎం.ఎం. సర్వీసు తూటా (సైన్యం, పోలీసులు వాడేది) పేల్చే పిస్టలు నిషిద్ధ బోరు, అంటే మామూలు పౌరులకు నిషేధించిన రకం. అది పట్టుబడితే కనీసం ఏడేళ్ళు, 14 ఏళ్ళ దాకా జైలు. రివాల్వరును ఎవరికైనా చాటుగా అమ్మేయడం కూడా నేరమే.

రేపే స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కు అర్జీ ఇవ్వండి. నాన్నగారి మరణ ధ్రువపత్రం, ఆయన లైసెన్సు కాపీ జతచేసి, అర్జీ అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి. రివాల్వరును సంచిలో వేసుకుని మీరే బయల్దేరవద్దు, దారిలో పట్టుబడితే మీ మాట ఎవరూ నమ్మరు. పోలీసులు చెప్పిన పద్ధతిలో అప్పగించి, నంబరు, తూటాల లెక్కతో సహా రసీదు తీసుకోండి. ఆయుధాల చట్టం సెక్షన్ 39 ప్రకారం, లైసెన్సు లేకుండా ఉంచుకున్నారని మీ మీద కేసు నడపాలంటే జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి కావాలి. అక్కడ మిమ్మల్ని కాపాడేది ఆ రసీదే. డిపాజిట్‌కు కూడా గడువు ఉంటుంది, దాటితే ఆయుధం ప్రభుత్వపరం అవుతుంది. కాబట్టి మిగతా వారసుల అభ్యంతరం లేదనే పత్రం, తుపాకీ శిక్షణ సర్టిఫికెట్ సిద్ధం చేసుకుని, 2016 ఆయుధాల నిబంధనల్లో 25వ నిబంధన కింద వారసుడిగా లైసెన్సుకు వెంటనే దరఖాస్తు చేయండి. తిరస్కరిస్తే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి.

ప్రాణభయం ఉందని దరఖాస్తులో రాస్తే చాలదు. బెదిరింపులపై భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 351 కింద ఫిర్యాదు ఇవ్వండి. కాల్ రికార్డింగులు ఉంటే ఆ ఫోన్ మార్చకండి, కోర్టుకు దాంతోపాటు సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఆ ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే పత్రం) కావాలి.

లైసెన్సు వచ్చాక .32లో రివాల్వరైనా పిస్టలైనా నిషిద్ధ బోరు కాదు. నా అభిప్రాయంలో అలవాటు లేనివారికి రివాల్వరే నయం. మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) తీసినా పిస్టలు ఛాంబర్‌లో (గొట్టం వెనుక తూటా పేలే చోట) ఒక తూటా మిగిలిపోవచ్చు, ఇంట్లో ప్రమాదాలు అక్కడే జరుగుతాయి. పిస్టలు పేలిన తూటా ఖాళీ తొడుగును బయటికి విసురుతుంది, రివాల్వరులో అది సిలిండర్‌లోనే ఉంటుంది. ఎక్కడ నిలబడి కాల్చారో తేల్చేటప్పుడు కింద పడిన ఆ తొడుగు సాక్ష్యం. ఆత్మరక్షణ కోసమే కాల్చానని నిరూపించే భారం సాక్ష్య అధినియమం సెక్షన్ 108 ప్రకారం మీదే. గట్టు జరిపినవాణ్ణి కాల్చి చంపే హక్కు మాత్రం ఏ సెక్షనూ ఇవ్వదు.

ఆ అర ఎకరానికి దారి సివిల్ కోర్టు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద, హక్కు పత్రాల జోలికి పోకుండా స్వాధీనం తిరిగి ఇమ్మని అడగవచ్చు. కానీ భూమి పోయిన ఆరు నెలల్లోపే దావా వేయాలి. మీకు రెండు నెలలు అయిపోయాయి. సర్వే కాపీ, అడంగల్, గట్టు ఫోటోలు తీసుకుని ఈ వారమే వకీలును కలవండి.