పెద్ద చెరువులో పైపు దించబోయే చిట్టికి

శ్రీకాకుళం

చిట్టీ,

నువ్వు పీహెచ్‌డీకి విజయనగరం పెద్ద చెరువు అడుగున పైపు దించి మట్టి పొరలు తీస్తావట, వాటిల్లో మిగిలిన నీటి ఈగల పెంకులు లెక్కపెట్టి చెరువు ఎలా మారుతూ వచ్చిందో తేలుస్తావట, రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంతోషంతో సగం, భయంతో సగం నిద్ర పట్టలేదు.

ముందు భయం సంగతి. మా రోజుల్లో సాయానికొచ్చిన ఒక చేపలాయన మోకాలి లోతే కదా అని చెరువులో దిగి, నడుం దాకా బురదలో కూరుకుపోయాడు. తాడేసి లాగడానికి గంట పట్టింది. నువ్వా, కోనేటి మెట్టు మీద నిలబడితేనే కళ్లు మూసుకునే పిల్లవి. దిగకు. పడవ మీంచే పైపు దించు. చెమట పడుతోందని లైఫ్ జాకెట్ విప్పావని తెలిస్తే ఊరుకోను.

అనుమతి కాగితం దగ్గర పెట్టుకో. తెప్పోత్సవం రోజుల్లో వెళ్లకు. పెంకులు వేరుపడటానికి మట్టిని పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేడిచెయ్యడం, సన్న జల్లెడ పట్టడం నీకు తెలిసినవే.

చోటు మాత్రం ఒడ్డున ఉండే ముసలాళ్లని అడిగి ఎంచుకో. ఎక్కడ పూడిక తీశారో, గేదెలు ఎటు దిగుతాయో వాళ్లకి తెలుసు. అలాంటి చోట పొరలుండవు, అంతా కలగాపులగం.

ఇక నా సిగ్గు కథ. ఎమ్మెస్సీ అయిన కొత్తలో ఒక ఊరి చెరువులో అరమీటరు మట్టి తీశాం. పైపుకి రెండు చివర్లా బిరడాలు కొట్టి, ఒక చివర చాక్‌పీసుతో 'పైన' అని రాశాను. దారిలో వాన. నిలబెట్టి తేవాల్సిన పైపుని బస్సులో పసిపిల్లలా ఒళ్లో పడుకోబెట్టుకున్నాను. ల్యాబుకొచ్చేసరికి అక్షరం లేదు, మట్టి రెండు వైపులా ఒకేలా నల్లగా ఉంది. ఎవరినైనా అడగాల్సింది. నామోషీ! ఇదే పైన అని నాకు నేనే తేల్చేసుకున్నాను.

సెంటీమీటరుకో ముక్క కోసి రెండు నెలలు నీటి ఈగల పెంకులు లెక్కపెట్టాను. 'అడుగు' ముక్కల నిండా బాస్మినా, అంటే నడి నీళ్లలో తేలే రకం. 'పైకి' వచ్చేకొద్దీ నాచు, మొక్కలు పట్టుకుని ఉండే కైడోరిడ్ల పెంకులు. మురికి నీరు తేటపడి మొక్కలు పెరిగాయి, చెరువు ఏటికేడూ బాగుపడుతోంది అని రాసేసుకున్నాను. అందరికన్నా పాతదనుకున్న ముక్కని ఇంకోసారి జల్లెడ పడుతుంటే గోరంత నీలం రేకు మెరిసింది. పట్టకారుతో తీసి కడిగి చూస్తే షాంపూ ప్యాకెట్ ముక్క!

పైపు తలకిందులైంది. చెరువు బాగుపడటం లేదు, పాడైపోతోంది. గైడుకి చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. ఇప్పటికీ తలంటుకున్నప్పుడల్లా గుర్తొస్తుంది.

డాఫ్నియా అనే నీటి ఈగ విషయంలో తొందరపడకు. దాని పెంకు సరిగ్గా నిలవదు. ఎక్కువగా మిగిలేవి తోక గోళ్లు, ఎఫిపియం అనే గుడ్ల డొప్ప. అవి వెతక్కుండా 'డాఫ్నియా లేదు' అని రాశావో, చూడు! ఆస్ట్రకాడ్లనే బుల్లి నీటి జీవుల గుల్లలు సున్నం, యాసిడ్ తగిలితే కరిగిపోతాయి. వాటికోసం కొంత మట్టి ముందే పక్కన పెట్టు.

పొరల వయసు తేల్చడానికి లెడ్-210 పరీక్ష, అంటే మట్టిలో ఏటికేడూ తరిగిపోయే రేడియోధార్మిక సీసం లెక్క, చేయిస్తావు కదా. దాని అర్ధాయువు 22 ఏళ్లు, కాబట్టి 150 ఏళ్లకి మించి వెనక్కి వెళ్లదు. పైడితల్లమ్మ విగ్రహం ఆ చెరువులో దొరికిందంటారే, 1757 బొబ్బిలి యుద్ధం తరవాత, ఆ నాటి మట్టికి ఇది చాలదు. అయినా అంత లోతుకి పోవాలని ఆరాటపడకు. మన కళ్లముందు పాడైన యాభై ఏళ్లు తేల్చినా నాకు చాలు.

ఎఫిపియంలో గుడ్లు దశాబ్దాల తరవాత కూడా పొదిగిన సందర్భాలున్నాయి. నీ గిన్నెలో ఒక్కటి కదిలినా అర్ధరాత్రయినా ఫోన్ చెయ్యి. మెలకువగానే ఉంటాను.

మీ నాన్న చేత సున్నుండలు పంపిస్తున్నాను. డబ్బా అడుగున నువ్వు చిన్నప్పుడు కట్టుకున్న ఎర్ర రిబ్బను ఉంటుంది. అది జడకి కాదు, పైపు పై చివరికి. పడవలో ఉండగానే కట్టు.

మీ పెద్దమ్మ