ముందు క్యాసెట్లు, తర్వాత ప్లేయర్

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. జీతం చేతికి 34,000 వస్తుంది. అద్దె, భోజనం కలిపి 15,000, ఇంటికి 6,000, విద్యారుణం వాయిదా 5,500, రికరింగ్ డిపాజిట్‌కు 2,000 పోతాయి. బ్యాంకులో 40,000 ఉన్నాయి. రోజూ మియాపూర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు మెట్రోలో వెళ్లివస్తాను. దారిలో పాటలే తోడు. ఫోనులో వింటుంటే మధ్యలో కాల్స్ వస్తాయి, సాయంత్రానికి ఛార్జింగ్ మిగలదు. అందుకే పాటల కోసమే 18,000 పెట్టి చిన్న మ్యూజిక్ ప్లేయర్ కొనాలనుకుంటున్నాను. క్రెడిట్ కార్డు మీద వడ్డీ లేకుండా నెలకు 1,500 చొప్పున 12 వాయిదాల్లో ఇస్తామని దుకాణంలో చెప్పారు. ఏలూరులో మా నాన్న దాచిన 60 క్యాసెట్లు కూడా ఉన్నాయి. రేడియోలో వచ్చిన భక్తిరంజని, మా నాయనమ్మ పాడిన మంగళహారతులు వాటిలో ఉన్నాయి. నాయనమ్మ ఇప్పుడు లేదు. వాటిని కూడా ప్లేయర్‌లో వేసుకోవాలని ఆశ. ఇదంతా దుబారా అంటున్నాడు అన్నయ్య. కొనవచ్చా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: దుబారా అన్న మాటను ముందు పక్కన పెడదాం. మీరు రోజుకు సుమారు 100 నిమిషాలు రైల్లో గడుపుతున్నారు. నెలకు 24 రోజులు లెక్కేస్తే 40 గంటలు. మూడేళ్లు వాడితే 1,440 గంటలు. 18,000ను దానితో భాగిస్తే గంటకు పన్నెండున్నర రూపాయలు. కొన్న నెలకే అటక ఎక్కే వస్తువులను ఎన్నో ఇళ్లలో చూశాను. వాటితో పోలిస్తే ఇది నిజంగా వాడుకునే వస్తువు. ఇంటికి డబ్బు పంపుతూ, అప్పు తీరుస్తూ, అంతో ఇంతో దాస్తున్న మనిషి తన రోజులో కాస్త సంగీతం కోరుకుంటే అది తప్పు కాదు.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపింది ప్లేయర్ కాదు, క్యాసెట్లు. వాటిని మీరు చివర్లో ఒక ఆశగా రాశారు. నా దృష్టిలో ఖర్చు మొదలు కావలసింది అక్కడే. ప్లేయర్ ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది దొరుకుతుంది. నాయనమ్మ గొంతు మరే దుకాణంలోనూ దొరకదు. రేడియో నుంచి పట్టిన భక్తిరంజనిలోనూ కొన్ని మళ్లీ ఎక్కడా వినిపించకపోవచ్చు. ఏలూరు లాంటి తేమ ఎక్కువగా ఉండే ఊళ్లో అయస్కాంత టేపుకు బూజు పడుతుంది. క్యాసెట్‌లో టేపును హెడ్‌కు, అంటే టేప్‌రికార్డర్‌లో పాటను చదివే భాగానికి, ఆనించే చిన్న మెత్త ఊడిపోతుంది. పాత టేప్‌రికార్డర్‌లో రబ్బరు బెల్టు సాగి వేగం తగ్గుతుంది.

ఈ పనికి పెద్ద డబ్బు అక్కర్లేదు, ఓపిక కావాలి. ఇంట్లో పాత టేప్‌రికార్డర్ ఉంటే రేడియో మెకానిక్‌తో బెల్టు మార్పించండి. హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. మీ ల్యాబ్‌లో రోజూ చూసే ద్రవమే కాబట్టి మీకు చెప్పనక్కర్లేదు. టేప్‌రికార్డర్ నుంచి కంప్యూటర్‌కు ఒక తీగ, మధ్యలో యూఎస్‌బీకి తగిలించే చిన్న ఆడియో పరికరం, రికార్డు చేయడానికి ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. అన్నిటికంటే ముందు ప్రతి క్యాసెట్ పైఅంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలకలను విరిచేయండి. పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాతది చెరిగిపోదు. ఈ పని చేయక ఎందరో తమవారి గొంతులు పోగొట్టుకున్నారు.

క్యాసెట్‌ను తొందరపెట్టి కాపీ చేయలేం. 90 నిమిషాల క్యాసెట్‌కు 90 నిమిషాలూ పడుతుంది. 60 క్యాసెట్లూ అలాంటివే అయితే 90 గంటలు. వారాంతాల్లో మీరు ఏలూరు వెళ్లి చేస్తే ఏడాది దాటిపోతుంది. మీ నాన్నగారికి తీరిక ఉంటే ఆయనకు నేర్పండి. ఏ క్యాసెట్‌లో ఎవరున్నారో, ఏ ఏడు పట్టారో ఆయనకే తెలుసు. పాటతో పాటు ఆ వివరం కూడా ఫైలు పేరులో చేరాలి. నాణ్యత తగ్గని ఫ్లాక్ పద్ధతిలో సీడీ స్థాయిలో దాచినా ఈ 90 గంటలూ సుమారు 32 జీబీకి మించవు. కంప్యూటర్‌లో ఒక ప్రతి, మీ నాన్నగారి దగ్గర పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ప్లేయర్ మెమరీ కార్డులో ఒకటి ఉండాలి. ప్లేయర్ జేబులోంచి పడిపోయే వస్తువు కాబట్టి అందులో ఉన్న ఒక్క ప్రతిని నమ్ముకోకండి.

ఇక్కడే మీ 18,000 ప్లేయర్ అవసరమా అన్న సంగతి తేలిపోతుంది. ఇంట్లో పట్టిన క్యాసెట్ టేపులో ఉన్న ధ్వని సీడీ స్థాయిని కూడా అందుకోదు. అంతకు మించిన స్పష్టత ఇస్తామనే ఖరీదైన యంత్రం లేని వివరాన్ని పుట్టించలేదు. పైగా మీరు వినేది కదిలే రైల్లో. బోగీ చప్పుడులో సన్నటి తేడాలు మునిగిపోతాయి. చెవిలో బిగుతుగా కూర్చుని బయటి శబ్దాన్ని ఆపే ఇయర్‌ఫోన్స్ మీద పెట్టే డబ్బు యంత్రం మీద పెట్టే డబ్బు కంటే ఎక్కువ ఫలితమిస్తుంది. చెవికి కూడా అదే మంచిది. బయటి చప్పుడు ఆగితే శబ్దం పెంచాల్సిన అవసరం రాదు. పెద్దవారికి 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. శబ్దం పెరిగేకొద్దీ ఆ గంటలు చాలా వేగంగా తగ్గిపోతాయి.

నా అంచనాలో ప్లేయర్‌కు 6,000, ఇయర్‌ఫోన్స్‌కు 3,000 మీకు సరిపోతాయి.

ఇక వాయిదాల మాట. వడ్డీ లేని రుణం అనేదే ఉండదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. వడ్డీ ఉంటుంది, దాన్ని దుకాణం తగ్గింపు రూపంలో సర్దుతుంది. బ్యాంకు వడ్డీ ఏడాదికి 15 శాతం అనుకుందాం. మీరు కట్టే 18,000లో అసలు సుమారు 16,620, వడ్డీ 1,380. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే 250 దాకా మీ మీదే పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు 199 అయితే పన్నుతో 235. అంటే మొత్తం 485 రూపాయల దాకా అదనం. నిజం చెప్పాలంటే ఇది కొంప ముంచే మొత్తం కాదు. నన్ను భయపెట్టేది వేరే ఉంది. ఏదో ఒక నెల ఇంట్లో ఎవరికో జ్వరం వచ్చి కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే, నెలకు 3 నుంచి 4 శాతం దాకా వడ్డీ మొదలవుతుంది. దాని వెంట ఆలస్య రుసుము, క్రెడిట్ స్కోరుకు దెబ్బ. విద్యారుణం నడుస్తున్నవారు జేబు సరదా కోసం ఇంకో వాయిదా తలకెత్తుకోకూడదు.

నెలకు 1,500 వాయిదా కట్టే ఆలోచనలో మీరు ఉన్నారు. ఆ 1,500నే దుకాణానికి కాకుండా విడిగా ఒక పొదుపు ఖాతాలో వేయండి. మొదటి రెండు నెలల 3,000 క్యాసెట్ల పనికి. తర్వాతి ఆరు నెలల 9,000 ప్లేయర్‌కు, ఇయర్‌ఫోన్స్‌కు. మిగిలిన నాలుగు నెలల 6,000 అత్యవసర నిధికి. మొత్తం అదే 18,000. మీ అద్దె, ఇంటికి పంపేది, రుణ వాయిదా, ప్రయాణం కలిపితే నెలకు 30,000 అవుతాయి. అత్యవసరానికి మూడు నెలల ఖర్చు, అంటే 90,000 చేతిలో ఉండాలి, ఉన్నది 40,000. దాన్ని ఏ పరిస్థితిలోనూ ప్లేయర్ కోసం ముట్టుకోవద్దు. ఏడాది చివర రికరింగ్ డిపాజిట్ 24,000 కూడా చేర్చితే 70,000కు చేరుకుంటారు. వడ్డీ అదనం.

డబ్బు జమయ్యే ఈ ఎనిమిది నెలలూ చెవులు మూసుకుని కూర్చోమనడం లేదు. ఇంట్లో పాత ఫోను పడి ఉంటే సిమ్ తీసేసి, ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మెమరీ కార్డులో పాటలు వేసుకోండి. కాల్స్ రావు, మీ అసలు ఫోను ఛార్జింగ్ మిగులుతుంది. రెండు మూడు నెలలు రోజూ దాన్ని తీసుకెళ్లగలిగితే విడి ప్లేయర్ మీకు నిజంగా అవసరమే. రెండు వస్తువులు మోయడం విసుగనిపిస్తే 6,000 మిగిలినట్టే. అప్పుడు ఇయర్‌ఫోన్స్ మాత్రం కొనుక్కోండి.

కొనే రోజు వస్తే ఆన్‌లైన్ పాటల సేవల కోసం కాదు, మీ సొంత ఫైళ్ల కోసం ఎంచుకోండి. పాత ఆండ్రాయిడ్‌తో నడిచే ప్లేయర్లలో కొన్నాళ్లకు ఆ యాప్‌లు పనిచేయడం మానేస్తాయి. 2001లో వచ్చిన ఆపిల్ మ్యూజిక్ ప్లేయర్ ఐపాడ్ తయారీనే 2022 మేలో ఆపేశారు. పాటలు విడిగా తమ కంప్యూటర్‌లో దాచుకున్నవారికి దానివల్ల ఏ నష్టమూ కలగలేదు. మెమరీ కార్డు మార్చుకునే వీలు, ఇయర్‌ఫోన్స్ తీగ పెట్టుకునే రంధ్రం, జీఎస్టీ బిల్లు, మన దేశంలో చెల్లే వారంటీ, బ్యాటరీ మార్చే వీలు చూసుకోండి. రోజూ వాడితే మూడేళ్లలో ముందు నీరసపడేది బ్యాటరీయే. దుకాణంలో అంటగట్టే అదనపు వారంటీ వద్దు.

ఏలూరు వెళ్లినప్పుడు తొందరపడి నాయనమ్మ క్యాసెట్‌ను మొదట పెట్టకండి. దుకాణంలో కొన్న ఏదో ఒక పాత సినిమా పాటల క్యాసెట్‌తో రెండు వైపులా నడిపి చూడండి. యంత్రం టేపును చుట్టేసుకోవడం లేదని, వేగం నిలకడగా ఉందని తేలాకే ఆమె క్యాసెట్‌ను పెట్టండి.