పెరటి సందేహాలు: ఎండకు ఓర్చే నేల ఆర్కిడ్లు

ప్రశ్న: మాది కావలి. నేలలో పెరిగే 'హార్డీ' ఆర్కిడ్ దుంపలు మూడింటిని ఆన్‌లైన్‌లో తెప్పించి, సంక్రాంతి వెళ్ళాక పెరట్లో నాటాను. ప్యాకెట్ మీద సైప్రిపీడియం అని ఉంది. రోజూ బోరు నీళ్ళు పోశాను. రెండు మొలకలు వచ్చాయి గాని, రోహిణి కార్తె రాకముందే మాడిపోయాయి. తప్పు ఎక్కడ జరిగింది?
– ఒక పాఠకురాలు

జవాబు: తప్పులో పెద్ద వాటా మీది కాదు, 'హార్డీ' అన్న ఆ మాటది. మంచు కురిసే దేశాల తోటమాలులు ఆ మాటను గడ్డకట్టే చలికి ఓర్చుకుని, మళ్ళీ చిగురించే మొక్కలకు వాడతారు. ఎండకు ఓర్చుకోవడం అన్న అర్థం అందులో లేదు. సైప్రిపీడియం జాతులు మన దేశంలోనూ ఉన్నాయి, కాని అవి హిమాలయాల ఎత్తుల్లో పెరుగుతాయి. ఏటా దాదాపు 3 నెలలపాటు, 5 డిగ్రీలకు అటూ ఇటూగా ఉండే చల్లని మట్టిలో వాటి వేరుదుంప నిద్రపోవాలి. కావలిలో ధనుర్మాసపు తెల్లవారుజామున కూడా ఉష్ణోగ్రత అంత కిందికి దిగదు కదా. దుంపలను ఫ్రిజ్‌లో పెట్టి నిద్రపుచ్చవచ్చని కొందరు చెబుతారు. చలి సంగతి ఫ్రిజ్ చూసుకున్నా, 40 డిగ్రీలు దాటే మే నెల నుంచి మొక్కను ఎక్కడ దాచుకోగలం?

మీ పెరటికి తగినది స్పాథోగ్లాటిస్. నర్సరీల్లో 'గ్రౌండ్ ఆర్కిడ్' అని అడిగితే ఇస్తారు. లేత పోకమొక్క ఆకుల్లా మడతలు మడతలుగా ఉండే ఆకుల మధ్య నుంచి నిటారుగా లేచిన కాడ మీద, ఊదా లేదా గులాబీ రంగు పూలు కింది నుంచి పైకి ఒక్కొక్కటిగా విచ్చుకుంటూ చాలా వారాలు నిలుస్తాయి. దీని గడ్డ చిన్న ఉల్లిపాయంత ఉంటుంది. దాన్ని సగమే మట్టిలో ఉంచి, సగం బయటికి కనిపించేలా నాటాలి. మొదటి ఏడు నేను కనకాంబరం నారు నాటినట్టు గడ్డలను పూర్తిగా పూడ్చి, కార్తీకంలో వాయుగుండం తెచ్చిన ముసురుకు నాలుగింటిలో మూడింటిని కుళ్ళబెట్టుకున్నాను. అందుకే మట్టిని కాస్త ఎత్తుగా మడి కట్టి, ముతక ఇసుక, మాగిన ఆకు ఎరువు, చిన్న ఇటుక ముక్కలు కలిపి, నీరు నిలవకుండా చూడండి. ఉదయపు ఎండ తగలనిచ్చి, మార్చి నుంచి జూన్ వరకు సగం వెలుతురును ఆపే షేడ్ నెట్ కట్టండి.

ఇక బోరు నీళ్ళ సంగతి. సముద్రతీరానికి దగ్గరి ఊళ్ళలో చాలా బోర్లలో ఉప్పు శాతం ఎక్కువ. కుండీ అంచున తెల్లటి పొర కడుతున్నా, ఆకుల కొనలు గోధుమ రంగుకు తిరిగి ఎండుతున్నా, కారణం ఉప్పేనని అనుమానించండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వాననీటిని డాబా మీద నుంచి డ్రమ్ముల్లోకి పట్టి, వేసవికి దాచుకోవడం ఉత్తమం. డ్రమ్ములకు మూత మరవకండి, దోమలు చేరతాయి. కొబ్బరి పొట్టు వాడదలిస్తే దానిలోనూ ఉప్పు ఉంటుంది కనుక మంచినీటిలో రెండు మూడు సార్లు నానబెట్టి పిండాకే వాడండి.

ప్రశ్న: తూర్పు కనుమల అడవుల్లో నేల ఆర్కిడ్లు ఉంటాయని విన్నాను. మాది ఉదయగిరి. మా కొండల్లో దొరికితే ఒకటి రెండు తవ్వి తెచ్చుకోవచ్చా?
– మరో పాఠకుడు

జవాబు: తూర్పు కనుమల్లో యూలోఫియా, హెబెనేరియా జాతుల నేల ఆర్కిడ్లు ఉన్న మాట నిజమే. అయితే రిజర్వు అడవి నుంచి అనుమతి లేకుండా మొక్కలు తేవడం నేరం. పైగా తెచ్చినా అవి పెరట్లో నిలవడం కష్టం. ఆర్కిడ్ విత్తనం ధూళి రేణువంత ఉంటుంది, దానిలో మొలకకు కావలసిన ఆహార నిల్వ ఉండదు. మట్టిలోని ఒక రకం బూజు అందించే పోషణతోనే అది మొలకెత్తుతుంది. పెద్ద మొక్కయ్యాక కూడా చాలా జాతులు ఆ బూజుతో సంబంధాన్ని వదులుకోవు. పారతో దుంపను తేగలరు గాని, ఆ మట్టి లోకాన్ని తేలేరు. మీకు స్పాథోగ్లాటిస్ నచ్చితే, రెండు మూడేళ్ళ గుబురును వానలు మొదలవగానే విడదీసి, ఒక్కో ముక్కకు కనీసం 3 గడ్డలు ఉండేలా నాటుకోండి.