ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళే ముందు

అమ్ములూ,

వచ్చే నెల నుంచి బడికి వెళ్ళాలట కదా. అటు బీఈడీ రికార్డులు, ఇటు పిల్లల చేత చేయించాలనుకుంటున్న పర్యావరణం పనులు, రెండూ ఎలా కుదురుతాయని టెన్షన్ పడుతున్నావని అమ్మ చెప్పింది. రెండు పనులనుకుంటే కుదరవు. ఒకే పని చేయించి, దాన్నే రెండు చోట్లా చూపించు.

2014 నాటి ఎన్‌సీటీఈ (టీచరు చదువులకు నియమాలు పెట్టే జాతీయ మండలి) నిబంధనలతో బీఈడీ రెండేళ్ళయింది, ఇంటర్న్‌షిప్ 20 వారాలైంది. నీకు 4 వారాలు మొదటి ఏడాదే అయిపోయాయి. మిగిలిన 16లో పరీక్షలు, పండగలు తీసేస్తే చేతికి వచ్చేది తక్కువే. అందుకని తోట పెడతానని బయల్దేరకు. మొక్కలు నాటితే ఫొటో బాగానే వస్తుంది, వేసవి సెలవుల్లో నీళ్ళెవరు పోస్తారు? నువ్వు అప్పటికి టెట్ పుస్తకాలు పట్టుకుని కూర్చుంటావు.

వాన నీటి లెక్క పట్టుకో. అనంతపురంలో అంతకన్నా మంచి పాఠం దొరకదు. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్ళు. గదుల గోడలు టేపుతో కొలిపించు, కప్పు వైశాల్యం వచ్చేస్తుంది (మేడ ఎక్కనివ్వకు). 100 చదరపు మీటర్లు వచ్చిందనుకో, ఏడాదికి 550 మి.మీ. వాన వేసుకుంటే 55,000 లీటర్లు. అదంతా ట్యాంకులో పడదు. కొంత ఆవిరైపోతుంది, దుమ్ముతో వచ్చే తొలి జల్లు వదిలేయాలి. ఎంత పోతుందో పిల్లల్నే వాదించుకోనీ. ఆ పది నిమిషాలూ నువ్వు నోరు కట్టేసుకో, నీకు కష్టమే అనుకో.

వాన కొలవడానికి పైనా కిందా ఒకే వెడల్పున్న డబ్బా, ఒక స్కేలు చాలు. చెట్టు నీడ పడని చోట పెట్టి, రోజూ ప్రేయర్‌కి ముందు చూడాలి. వాన పడని రోజు సున్నా రాయాలి. ఖాళీ వదిలేస్తే చూడలేదో, వాన పడలేదో తర్వాత తెలియదు. మీ వైపు వాన ఎక్కువ పడేది సెప్టెంబరులో, కాబట్టి నువ్వు బడికి వెళ్ళిన మొదటి వారంలోనే డబ్బా పెట్టించు.

ఇక కాలేజీ సంగతి. లెసన్ ప్లాన్, బోధనోపకరణం, యాక్షన్ రీసెర్చ్ (తరగతిలో ఒక పద్ధతి వాడి చూసి, ఫలితం రాసే చిన్న పరిశోధన) మూడూ ఇందులోంచే వస్తాయి. యాక్షన్ రీసెర్చ్ అంశానికి మీ గైడ్ ఒప్పుకోలు ముందే తీసుకో. పాఠం చెప్పకముందు పిల్లలకు చిన్న పరీక్ష పెట్టి, ఆ కాగితాలు దాచు. చాలామంది ఇది మరిచిపోయి, చివర్లో పోల్చడానికి ఏమీ లేక అంకెలు అల్లుతారు. రికార్డు ఏ రోజుది ఆ రోజు సాయంత్రమే రాయి.

"ముందు సిలబస్ అవ్వనీ అమ్మా" అంటారు హెచ్.ఎం. గారు. పర్యావరణం బడుల్లో తప్పనిసరిగా చెప్పాలని 1991లోనే పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, కానీ ఆయన ముందు ఆ మాట ఎత్తకు. అదనపు పీరియడ్ అడగననీ, నీ పాఠంలోనే చేయిస్తాననీ చెప్పు. గ్రాఫు గీయించడానికి లెక్కల మాస్టారిని వారం ముందే అడుగు.

డబ్బా బాధ్యత పదో తరగతికి ఇవ్వకు, వాళ్ళు మార్చికల్లా వెళ్ళిపోతారు. ఎనిమిదికి ఇవ్వు. కొలతల నోటుబుక్కు నీ బ్యాగులో కాకుండా సైన్స్ మేడమ్ బీరువాలో ఉండాలి. నీ రికార్డు కోసం కావాలంటే జిరాక్స్ తీసుకో.

మీ పెద్దమ్మ